చీనీ చెట్లు తిరిగొచ్చిన ముగింపు

మా జిల్లాలో రాబోయే కాలం గురించి కథలు రాయడమంటే కొరివితో తల గోక్కోవడమే. బ్రహ్మంగారిమఠం పక్కనే పెట్టుకుని, జరగబోయేదాన్ని ఉత్త కథగా చదవమంటే ఎవరు చదువుతారు? అయినా ఏళ్ల తరబడి రాస్తున్నాను. పొద్దున ప్రొద్దుటూరులో బస్సెక్కి జమ్మలమడుగు బడిలో లెక్కలు చెప్పడం, సాయంత్రం ఇంటికొచ్చి లేని లోకాలు కట్టడం. రెండూ బాగా చేస్తాను. ఆ మాట చెప్పుకోవడానికి నాకు మొహమాటం లేదు.

ఒక వారపత్రికలో నా నవల సీరియల్‌గా వస్తున్న రోజులవి. నీళ్లు అడుగంటిన కాలంలో పులివెందుల చీనీ చెట్లన్నీ, అంటే బత్తాయి చెట్లన్నీ, వేళ్లు పీక్కుని, వరుసకట్టి నడిచి వెళ్లిపోతాయి. ఇక తిరిగి రావు. ఆ ముగింపు రాసుకుని నాలో నేనే మురిసిపోయాను. చివరి భాగం ఇంకా పత్రికకు పంపలేదు.

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి మా అరుగు మీద ఒక రైతు కూర్చుని ఉన్నాడు. పులివెందుల వైపు నుంచి వచ్చాడట. వాళ్ల ఊరి టీకొట్లో ఎవరో నా సీరియల్ పైకి చదువుతుంటే అందరూ వింటారట.

“చెట్లు లేచి పోతాయని రాసినావంట గదా టీచరమ్మా. మా బోరు తగ్గిపోతాంది. తోట కొట్టేసి శనగ ఏద్దామని తమ్ముడు పోరుతాండాడు. కొట్టేయమంటావా?”

నాకు చిర్రెత్తుకొచ్చింది. “అది నేను ఊహించి రాసింది అన్నా. చర్చికి పోయేదాన్ని, నాకు జోస్యాలేంది?”

“యాడికి పోతే ఏముందిలేమ్మా. రాబోయేది ఊరికే ఎవరికీ కనపడదు. పోయిన చెట్లు మళ్లా వస్తాయా రావా, అది చెప్పు.”

ఎంత చెప్పినా చెవిటివాడి ముందు శంఖమే. లోపలికి పోయి కాఫీ కలుపుతుంటే తోచింది. కొట్టేయాలనే ఉంటే తమ్ముడి మాట వినేవాడు గానీ, ఎండలో పడి ఇంత దూరం నా దగ్గరికెందుకు వస్తాడు? జాలేసింది. నా ముగింపు పోతుందని బెంగ కూడా పట్టుకుంది.

గ్లాసు చేతికిస్తూ “వస్తాయన్నా” అన్నాను.

“నేను వింటే చాలదమ్మా. మా తమ్ముడు వినాల. పత్రికలో రాయి.”

ఆ సాయంత్రమే చివరి భాగం తిరగరాశాను. వాన వాసన పట్టుకుని చెట్లు తిరిగొచ్చి, ఎవరి గుంతలో అవి నిలబడ్డాయి. సంపాదకుడు ఫోన్ చేసి తీసికట్టుగా ఉందన్నాడు. నిజమే, నా నవలలన్నిటిలోకీ నీరసమైన ముగింపు అది.

ఆ మరుసటి ఏడు పులివెందుల పోతూ దారిలో ఆ తోట దగ్గర దిగాను. ఒక పక్క చెట్లు ఎండిపోయాయి, మిగిలినవి కాపు మీదున్నాయి. అన్న సంతకు పోయాడట. తమ్ముడు ఎండిన చెట్లకు కూడా పాదులు తవ్వుతున్నాడు. నేనెవరో అతనికి తెలియదు. ఎండినవి తీసేయలేదేమని అడిగాను.

“అవీ వస్తాయి మేడమ్” అన్నాడు పార ఆపకుండా. “పత్రికలో ఏసినారు.”