తిప్పి పెట్టిన బ్యాటరీ

దయ్యాల మాట ఎత్తితే మా అమ్మ వెంటనే ఏదో ఒక పని చెప్పేది. నా చదువంతా ఇంట్లో ఆమె దగ్గరే సాగింది కాబట్టి ఆ భయాలు నాకు అంటలేదు. ఇప్పటికీ నమ్మను. అయినా పోయిన చలికాలం ఇక్కడి ఎడారిలో జరిగింది జరిగినట్టే రాస్తున్నాను.

మా అత్తమ్మ జగిత్యాల నుంచి విజిట్ వీసా మీద దోహాలో మా దగ్గరికి వచ్చారు. ఇసుక దిబ్బల్లో గుడారం వేసుకుని ఒక రాత్రి ఉందామన్నారు మావారు. అత్తమ్మకు షుగర్, రాత్రిళ్లు బయటికి లేవాల్సి వస్తుంది. చెవులు సరిగ్గా వినపడవు. అందుకే తలకు కట్టుకునే లైటు మంచిది కొనాలని ఊళ్లోని అల్ మన్సూరా బజారులో దుకాణాలన్నీ తిరిగాను. ఛార్జింగుది వద్దనుకున్నాను, ఎడారిలో ప్లగ్గు ఎక్కడిది? మామూలు సన్న బ్యాటరీలు పట్టేది, చీకట్లో వేలికి తెలిసే బటన్ ఉన్నది, పక్కవాళ్ల కళ్లలో కొట్టకుండా ఎర్ర వెలుగు కూడా ఇచ్చేది చూసి తీసుకున్నాను.

“పెండ్లి నగలు గూడ ఇంత సూడలేదు గదనే నువ్వు!” అని నవ్వారు మావారు.

మా పాత లైటు ఒకసారి సంచిలో దానంతట అదే నొక్కుకుపోయి, గుడారం చేరేసరికి ఆరిపోయింది. అప్పటి నుంచి సర్దేటప్పుడు ఒక బ్యాటరీని తిప్పి పెడతాను. అలా ఉంటే ఎంత నొక్కినా వెలగదు. కొత్తదానికీ అదే చేశాను. ఆ సాయంత్రం గ్యాసు దీపంతో గడిచిపోయింది. లైటును గుడారం ముందు కర్రకు తగిలించాను కానీ బ్యాటరీ సంగతి మరిచిపోయాను.

తెల్లవారుజామున ఫజర్ నమాజుకు లేచి చూస్తే అత్తమ్మ పక్క ఖాళీ. నీళ్ల మగ్గు కూడా లేదు. బయట పొగమంచు, చాపిన చెయ్యి కనబడలేదు. మావారు “అమ్మీ! అమ్మీ!” అని అరుస్తూ ఫోను వెలుగులో కారు వైపు వెళ్లారు. నేను కర్రకున్న లైటు నొక్కాను. వెలగలేదు. మళ్లీ మళ్లీ నొక్కాను. ఇక చేతకాక ఆ ఇసుకలోనే కూర్చుని, ఆ తల్లిని క్షేమంగా తిరిగి ఇవ్వమని అల్లాను అడిగాను.

కాసేపటికి కారుకు ఎదురు దిక్కు నుంచి దగ్గు వినబడింది. అత్తమ్మే! కొంగంతా మంచుకు తడిసిపోయింది.

“ఎటు జూసినా తెల్లగనే ఉండె బిడ్డా. ఆఖరికి గా ఎర్ర లైటు కనవడ్డది. దాన్నే జూసుకుంట వచ్చిన.”

ఆ లైటుకు ఎర్ర వెలుగు ఉందని ఆమెకు నేనెప్పుడూ చెప్పలేదు.

తెల్లవారాక మావారి ముందే విప్పి చూశాను. బ్యాటరీ నేను తిప్పి పెట్టినట్టే ఉంది. కారు వెనక ఎర్ర లైట్లేమో అనుకుందామంటే, తాళం గుడారంలోనే ఉంది. చుట్టుపక్కల వేరే గుడారాలు లేవు. మంచు విడిపోయాక అత్తమ్మ అడుగుల జాడ వెతికాం. దూరంగా ఒకచోట ఆ అడుగులు అటూ ఇటూ తిరిగి తిరిగి, అక్కడి నుంచి గీత గీసినట్టు నేరుగా మా కర్ర దగ్గరికి వచ్చాయి.

అత్తమ్మకు బ్యాటరీ చూపించి, ఇది వెలిగే వీలే లేదనీ, నేను అల్లాను అడుగుతూ కూర్చున్నాననీ చెప్పాను.

“అయితే ఏంది? నువ్వు అడిగినవ్ గదా” అని చాయ్ అందుకున్నారు ఆమె.

ఏం వెలిగిందో నాకు ఇప్పటికీ తెలియదు. ఆమె మాకు దక్కారు, ఆ మేలు తలుచుకోని నమాజు లేదు. గుడారం ఎక్కడ వేసినా ఇప్పుడు ముందు బ్యాటరీని సరిచేసి, లైటు వెలిగించి చూసుకుంటాను. ఆ తర్వాతే అల్లా ముందు దుఆకు చేతులెత్తుతాను.