అమ్మ ఆది రవిక

తిరుపతిలో బస్టాండు వెనక సందులో మాకొక కుట్టు దుకాణం ఉంది. ముందు సగం మా ఆయనది, వెనక సగం నాది, మధ్యలో పాత చీరతో కట్టిన తెర. ఆయన మగవాళ్ల బట్టలు కుడతాడు, నేను ఆడవాళ్లవి. రెడీమేడ్ బట్టలు వచ్చాక ఆయన వైపు గిరాకీ పడిపోయింది గానీ, లాడ్జీల్లో పనిచేసేవాళ్ల యూనిఫారాలు, కాపలావాళ్ల ప్యాంట్లు ఇంకా వస్తూనే ఉంటాయి. రెడీమేడ్ రవికలు ఒంటికి పట్టవని ఆడవాళ్లు మాత్రం ఇప్పటికీ నా దగ్గరికే వస్తారు.

ఈ పనిలో పడ్డాక మనుషుల్ని చూసే చూపే మారిపోతుంది. దారిలో ఎవరైనా ఎదురైతే ముఖం కంటే ముందు భుజాలు కనబడతాయి నాకు. ఇప్పటి కాలేజీ పిల్లల భుజాలు చూస్తే దిగులేస్తుంది. వయసు చూస్తే పద్దెనిమిది, ఇరవై. ఛాతీ లోపలికి, మెడ ముందుకి. కొత్త రవిక తెచ్చి నా ముందు పడేసి, "వెనక మెడ లేస్తా ఉండాది అక్కా, సరిగా కుట్టలేదు నువ్వు" అంటారు. రవిక లేవలేదమ్మా, నీ మెడే ఫోన్లోకి దిగిపోయింది అని ఎలా చెప్పను? నోరు మూసుకుని విప్పి కుడతాను. ఆ పిల్ల ఒక చేత్తో రవిక తీసుకుని, ఇంకో చేతిలోని ఫోను చూసుకుంటూ మెట్లు దిగిపోతుంది.

తెర అవతల మా ఆయన తంటాలు ఇంకో రకం. నడుముకు టేపు చుట్టగానే మగవాళ్లందరూ ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాగుతారు. "మామూలుగా నిలబడప్పా, నన్నేం సూస్తావు, ఊపిరి వదులు" అని ఆయన బతిమాలడం రోజూ వినబడుతూనే ఉంటుంది. ఎవరూ వదలరు. వారం తిరక్కుండానే ప్యాంటు బిగుతుగా ఉందని వెనక్కి తెస్తారు. ఒకప్పుడు చొక్కాకి ముందూ వెనకా ఒకే పొడవు పెట్టేవాడట. ఇప్పుడు పొట్టమీదుగా వచ్చేసరికి ముందు పైకెక్కి కూర్చుంటుందని, అడక్కుండానే ముందు వైపు కాస్త దించి కత్తిరిస్తాడు. తొడుక్కున్నవాళ్లకు ఆ సంగతి తెలియదు. తమ ఒళ్లు ఎప్పటిలాగే ఉందనుకుంటారు.

మా సందులోంచి పోయే యాత్రికుల్ని చూసినా అదే దిగులు. గుండు చేయించుకున్న మనిషికి మెడ దాచుకోవడానికి ఏమీ ఉండదు. కొండ దిగి వచ్చేవాళ్లలో పడుచువాళ్లకు కూడా మెడ కింద చిన్న గడ్డలాగా ఎత్తు కనబడుతుంది. నా చిన్నప్పుడు మూటలు నెత్తిన పెట్టుకుని నడిచేవాళ్లు. ఇప్పుడు చక్రాల పెట్టెలు లాక్కుని ఒక పక్కకు ఒరిగి పోతుంటారు. మోసే బరువులు తగ్గాయి, మంచిదే. మరి వీపులు ఎందుకు వంగుతున్నాయో నాకు అర్థం కాదు. అర్థమైనా చేసేదేముంది.

మా వైపు ఆడవాళ్లు ఒంటిమీద టేపు పెట్టించుకోవడానికి ఇష్టపడరు. సరిపోయిన పాత రవిక ఒకటి తెచ్చిస్తారు. దాన్ని ఆది అంటాం. ఆదిని మధ్యకు మడిచి, కొత్త గుడ్డ మీద పరిచి, చుట్టూ సుద్దతో గీసి కత్తిరించడమే. ఎదిగే పిల్లలకైతే తల్లులు పక్కన నిలబడి ఒక మాట తప్పకుండా చెబుతారు. "పెరిగే బిడ్డ, లోపల గుడ్డ వదులు మే" అని. కుట్టు లోపల నాలుగు వేళ్ల గుడ్డ వదిలితే, పిల్ల ఎదిగినకొద్దీ విప్పుకుంటూ పోవచ్చు. పెద్దవాళ్లు ఎవరూ తమ రవికలకు ఆ మాట అడగరు.

మా అమ్మ వడమాలపేట పక్కన పల్లెలో మా తమ్ముడి ఇంట్లో ఉంటుంది. ఒక ఆవును పెట్టుకుని, పాలు పోసి, తన చేతి ఖర్చులు తనే చూసుకునేది. మామిడితోపుల్లో కోసిన గడ్డి మోపు నెత్తిన పెట్టుకుని, దానికి చెయ్యి కూడా ఆనించకుండా, రెండు చేతులూ ఊపుకుంటూ నడిచి వచ్చేది. "నిట్టాడు మాదిరి నడస్తాది సూడు" అనేవాళ్లు ఊళ్లో. గుడిసె బరువంతా మోసే నడిమి స్తంభాన్ని మేము నిట్టాడు అంటాం. ఆ మాట వినబడితే అమ్మ ఇంకాస్త నిటారుగా నడిచేది. గర్వం లేదని చెప్పను.

అమ్మ ఆది రవిక గంధం రంగు నూలుది. నేను పని నేర్చుకున్న కొత్తలో కుట్టిచ్చినది. ఎప్పుడు కొత్త రవిక కావాలన్నా అదే తెచ్చేది. ఒకసారి టేపు తీస్తానంటే, "నా కొలత నీకు తెలవదా, నీ కడుపు కాలా" అని నవ్వేసింది. వచ్చినప్పుడల్లా కొంగు భుజాల చుట్టూ కప్పుకుని, వచ్చీ రాగానే స్టూలు మీద కూర్చునేది. బస్సులో నిలబడి వచ్చింది కదా, అలిసిపోయిందనుకునేదాన్ని. నేనూ మిషను మీద నుంచి తల ఎత్తేది తక్కువ. ఆది వెనక భాగం కాస్త దిగిందని రెండు మూడుసార్లు అనిపించింది గానీ, ఉతికి ఉతికి నూలు సాగి ఉంటుందని సరిపెట్టుకుని అలాగే గీసి కత్తిరించేశాను.

ఈ ఏడు మామిడికాయల కాలంలో అమ్మ వచ్చింది. సంచిలో తోటకూర, నాలుగు కాయలు, కొత్త రవిక గుడ్డ, ఆది. నేను తెప్పించిన టీ ఊదుకుంటూ స్టూలు మీద కూర్చుంది. ఆదికి హుక్కు ఒకటి ఊడిపోయి ఉంటే, కుట్టిద్దామని లోపలి వైపు తిప్పాను. వెనక అంచు దగ్గర సూది రంధ్రాలు కనబడ్డాయి. పాత మడత విప్పి, కిందికి దించి, మళ్లీ చేత్తో కుట్టిన గుర్తులు. ఒకదాని కింద ఒకటి అలా దిగుతూ వచ్చాయి. చివర మడవడానికి గుడ్డ మిగలక, అదే రంగు పీలిక ఒకటి అతికించి ఉంది. ముందు వైపు మాత్రం మడత పైకి ఎక్కుతూ వచ్చింది.

కుట్టుపని తెలిసినవాళ్లకు దీన్ని ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. వీపు వంగితే వెనక గుడ్డ ఎక్కువ కావాలి, ముందు తక్కువ కావాలి.

"ఇదేంది మా?"

"ఏంది?"

"ఈ కుట్లు."

"ఉతికి ఉతికి కుదించుకపోయింది. రోంత విప్పుకున్నా."

"వెనక ఒకటే కుదించుకపోయిందా? ముందర మడిసి కుట్టినావే."

అమ్మ టీ ఊదుకుంది. అప్పటికే ఆ టీ చల్లారిపోయింది.

లేపి గోడకు ఆనించి నిలబెట్టాను. కొంగు తీసేశాను. మడమలు గోడకు తగిలాయి, నడుము కింది భాగం తగిలింది, తల తగల్లేదు. గోడకూ తలకూ మధ్య నా చెయ్యి పెడితే పట్టి ఇంకా సందు మిగిలింది. "తల ఆనించు మా" అన్నాను. ఆనించడానికి గడ్డం పైకెత్తింది. మెడ నరాలు బిగుసుకున్నాయి. తల మాత్రం అక్కడే ఉంది. తెర అవతల మిషను చప్పుడు ఆగిపోయింది.

"ఎన్నాళ్ల నుంచి?" అన్నాను. నా గొంతు నాకే కోపంగా వినబడింది.

"నాకేం తెలుసు. ఒకనాడు వంగేదా ఇది?" అంది. కొంగు మళ్లీ కప్పుకుంటూ, "నీ తమ్మునికి సెప్పొద్దు మే. తెలిస్తే ఆవును తోలేస్తాడు" అంది.

నాకు ఎవరి మీద విరుచుకుపడాలో తెలియలేదు. దాచిపెట్టిన అమ్మ మీదా, ఆవు మీదా, ఆ గంధం రంగు గుడ్డ మీదా? ఇన్నాళ్లూ ఆ రవికే మా అమ్మ అనుకుని కత్తిరిస్తూ వచ్చాను. అది నా కళ్ల ముందే దిగిపోతూ వచ్చింది.

మా ఆయన దుకాణం మూసి మమ్మల్ని ఆసుపత్రికి తీసుకుపోయాడు. ఎక్స్‌రే ఫొటో తీశారు. వీపులో ఎముకలు గుల్లబారి ముందు వైపు కుంగిపోయాయని, మాత్రలు వేసుకుంటే ఇక ముందు కుంగేది కొంత తగ్గుతుందని, కుంగింది మాత్రం మళ్లీ లేవదని డాక్టరు చెప్పాడు. నెత్తిన బరువు పెట్టకూడదన్నాడు. అంతా విని అమ్మ, "దినామూ రోంత రోంత సాగదీస్తే రాదా నాయనా?" అని అడిగింది. ఆ అబ్బాయి మంచివాడు. పెన్ను పక్కన పెట్టి, రాదమ్మా అన్నాడు.

తమ్ముడికి చెప్పక తప్పలేదు. ఆవు పక్క ఊరికి అమ్ముడుపోయింది. తమ్ముడిదీ తప్పనలేను. ఇంట్లో ఉంటే అమ్మ గడ్డికి పోకుండా ఉండదు. పొద్దున్నే లేచి ఖాళీ కొట్టం ఊడ్చి వస్తుందని మరదలు ఫోన్లో చెబితే, వింటూ కూర్చున్నాను. గుడ్డను ఒంటికి తగ్గట్టు వంచడం నాకు వచ్చు. ఒంటిని నిలబెట్టే విద్య నాకు రాదు. వచ్చినవాళ్లు ఎవరైనా ఉన్నారా అంటే డాక్టరే చేతులెత్తేశాడు.

మొన్న అమ్మ మళ్లీ వచ్చింది. సంచిలో గుడ్డ ఉంది, ఆది లేదు.

"ఆది ఏది మా?"

"తేలేదు. టేపు తీ."

తెర సరిగ్గా లాగి, అమ్మ వెనక నిలబడ్డాను. ఇన్నేళ్లలో అమ్మ ఒంటిమీద టేపు పెట్టడం అదే మొదటిసారి. మెడ ఎముక దగ్గర పట్టుకుని కిందికి జార్చాను. టేపు నేరుగా దిగలేదు, గూనెక్కి దిగింది. అమ్మ ఊపిరి బిగబట్టలేదు. నిటారుగా ఉన్నట్టు నటించలేదు. ఎలా ఉందో అలాగే నిలబడింది. కొలిచిన అంకె పైకి చదవలేక మనసులోనే పెట్టుకున్నాను.

"నా వీపు కొలస్తాండావు గానీ నీది సూసుకున్నావా? మిషను మీద పడి పడి మెడ ముందరికొచ్చేసింది" అంది అటు తిరిగే.

"మా ఆయన రోజూ చెప్తానే ఉండాడు" అన్నాను.

గుడ్డ బల్ల మీద పరిచి సుద్ద పట్టుకున్నాను. వెనక భాగం గీస్తుంటే అమ్మ దగ్గరికి వచ్చి, బల్ల అంచు పట్టుకుని, నేను గీసిన గీత కింద వేలు పెట్టింది.

"ఈడ లోపల గుడ్డ వదులు మే."

తలెత్తి చూశాను. అమ్మ నా వైపు చూడటం లేదు, గీత వైపే చూస్తోంది.

"రోంత ఎక్కువే వదులు. ఇంకా వంగుతా గదా, విప్పుకుంటా పోతాను."

ఎదిగే పిల్లలకు వదిలినంత వదిలి కత్తిరించాను.