బోర్డు మీద జెండా నీడ

నా బిడ్డ ఫిజిక్స్‌ల పాసైంది! రెండుసార్లు తప్పి, మూడోసారి పాసైంది! కాళ్లు నేల మీద ఆగలే. మిఠాయి డబ్బ పట్టుకొని ఎల్బీనగర్‌ల మా పక్కింటి ఫిజిక్స్ సార్ దగ్గరికి ఉరికిన. తెల్లారే దవాఖానల సార్ పానం పోయిందంట. డబ్బ కండువ కింద దాసుకొని వాకిట్లనే నిలబడ్డ.

ఆయనకూ నాకూ పడకపోయేది. ఆయనది కోస్తా. నేను పోచంపల్లిల మగ్గం ఇడిసొచ్చి దిల్‌సుఖ్‌నగర్‌ల చీరల దుకాణం పెట్టినోణ్ణి. ఉద్యమం జోరు మీదుండె. బందులకు కాలేజీలు మూతబడ్తే, ఆయన వరండ గోడకు నల్లరంగు పూసి పిల్లలకు పాఠం చెప్పేది. నేను నడిమి గోడ మీద తెలంగాణ జెండా కట్టిన.

"ఏవండీ, జెండా కాస్త జరపండి. బోర్డు మీద నీడ పడుతోంది."

"నా జెండా జరగది. నువ్వే బోర్డు జరుపుకో సార్."

"గోడనెలా జరుపుతానయ్యా!"

"అయితే నీడలనే చెప్పుకో."

దినాం గిదే లొల్లి. "గా ఇంట్ల అడుగు పెడ్తే కాళ్లిరగ్గొడ్త. ఈసారి తప్పితే సదువు బంద్, దుకాణంల కూసో" అని బిడ్డకు చెప్పిన. అది గోడకు ఇవతల పీటేసుకొని, ఇనుకుంట రాసుకునేది.

కెపాసిటర్ల లెక్కనే దాన్ని ముంచింది. ఆరుది ఒకటి, తెలియనిది ఒకటి. ఒకదాని వెనక ఒకటి కలిపితే నాలుగు. తెలియనిదెంత? నాలుగో వంతుల నుంచి ఆరో వంతు తీసి, పన్నెండో వంతని పైకే చదువుకొని ఆపేసేది.

ఒకనాడు అవతలి నుంచి సార్ కేకేసిండు. "గోడవతలి అమ్మాయ్! తిరగేశావా? అప్పుడే పన్నెండొస్తుంది. పక్కపక్కన పెడితేనే ఊరికే కూడెయ్యాలి!"

నాకు ఒళ్లు మండింది. "నా బిడ్డతోని నీకేంది?"

"మీతో కాదులెండి. మీరు జన్మలో తిరగెయ్యరు!"

పిల్లలంత నవ్విన్రు. నా బిడ్డ గూడ.

ఆనాటి నుంచి ప్రతి అంకె ఒర్రుకుంటనే రాసిండు. మా చెవులు పగలగొట్టనీకే అనుకున్న. ఫలితాలొచ్చినంక బిడ్డ చెప్పింది: "నాకు బోర్డు కనబడదని నాయినా." పరీక్షల గసొంటి లెక్కనే ఒచ్చిందంట. తిరగేసిందంట. ఎంత మంచోడో మహానుభావుడు, నేను ఒక్క మంచిమాట అనలే!

జెండా ఇప్పి మా గేటుకు కట్టిన. బోర్డు మీద ఎండ పడ్తుంది. ఆయన ఆఖరుసారి రాసిన పన్నెండు, దాని కింద రెండు గీతలు అట్లనే ఉన్నయ్.

బిడ్డ పాసైందని ఇంక చెప్పాల్సినోళ్లు: పోచంపల్లిల మా అన్న, చంపాపేట్‌ల చెల్లె, నాగోల్‌ల బామ్మర్ది, మూసారాంబాగ్‌ల మేనత్త. సార్ దినాలైనంక, గోడవతల ఆయన భార్య, అమ్మగారు. ఆమెకు గోడ మీంచి కాదు, గేటు తీస్కొని పోయి చెప్త.