ప్రతి దానికీ ఒక బీట

పింగాణీ వస్తువు కంటబడితే దానిని గోటితో మీటి, చెవి ఒగ్గి విని, ఫలానా చోట బీట ఉన్నదని ప్రకటించకుండా ఉండలేకపోవడం బీటల పెద్దాయనకు గల ఏకైక దురలవాటు. ఆయనకు పొగ లేదు, పేక లేదు, ఒకరి సంగతిలో తలదూర్చడం అసలే లేదు. కాని ఎదుట కప్పు ఉన్నదంటే, అందులో టీ ఉన్నా లేకపోయినా, దానిని పట్టుకున్నది సాక్షాత్తు న్యాయమూర్తి అయినా, ఆయన చూపుడువేలు దానంతట అదే లేచేది. టింగుమని మోగేది. ఆయన కళ్ళు మూసుకునేవారు.

"పిడి దగ్గర," అనేవారు.

అంతటితో ఆ వస్తువు విషయం తేలిపోయినట్లే. యజమాని భూతద్దం పెట్టి వెదికినా, దీపం పెట్టి వెదికినా బీట కనిపించేది కాదు. అడిగితే, "కనపడదండీ, వినపడుతుంది," అని సెలవిచ్చేవారు.

ఈ విద్య ఆయనకు ఉద్యోగం వల్ల అబ్బింది. ముప్పయ్యొక్క సంవత్సరాలు వాష్‌బేసిన్లు తయారుచేసే కర్మాగారంలో ఆయన పరీక్షకుడు. చిన్న చెక్క సుత్తితో ఒక్కొక్క బేసిన్‌ను తట్టి, మోత బాగుంటే ముద్ర వేయించడం, బాగులేకపోతే వెనుక దొడ్డిలోని ముక్కల గుట్ట మీదికి పంపించడం ఆయన విధి. పదవీ విరమణనాడు యాజమాన్యం వారు ఆ సుత్తినే మఖమల్ పెట్టెలో పెట్టి బహూకరించారు. భార్య దానిని అదే సాయంత్రం బీరువాలో పెట్టి తాళం వేసింది. మర్నాటి నుంచి గోరు విధుల్లో చేరింది.

ఎవరింటికి వెళ్ళినా ఆయన ముందుగా చేతులు కడుక్కుంటానని లోపలికి వెళ్ళేవారు. నీళ్ళ చప్పుడు వినిపించేది కాదు, టింగుటింగుమన్న చప్పుడు వినిపించేది. ఒకసారి పంటి వైద్యుడు పరికరంతో ఆయన పన్ను తట్టి చూస్తూండగా, నోరు తెరిచి ఉన్నవారు తెరిచినట్లే అడిగారట.

"మోత ఎలా ఉందండీ?"

"బాగానే ఉందండి. కదలకండి."

"సరిగా వినండి. కింది వరసలో నాలుగోది."

ఎక్స్‌రే తీయిస్తే నాలుగోదానిలో నిజంగానే బీట ఉన్నది. ఆ వైద్యుడు అప్పటి నుంచి ఆయనను కుర్చీలో కూర్చోబెట్టిన తరువాత తన టీ కప్పును బల్ల సొరుగులో దాచేవాడు.

ఇంట్లో భోజనాల వేళ నడిచే సంభాషణ ఏనాడూ మారేది కాదు.

"ఈ పళ్ళెం అంచున బీట వారింది."

"పదేళ్ళుగా వారుతూనే ఉంది. కూర చల్లారిపోతోంది, తినండి."

ఇటువంటి పెద్దమనిషికి స్వయానా తమ్ముడి కూతురు కావడం, పైగా పింగాణీ పూలు చేయడం వృత్తిగా పెట్టుకోవడం పూలావిడ చేసుకున్న పుణ్యమో పాపమో ఆమెకే తెలియదు. ఆమె పచ్చి పింగాణీ మట్టిని బఠాణీ గింజంత తీసుకుని, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నూనె తడితో నొక్కి, వెలుతురు అవతలి నుంచి కనిపించేంత పలుచగా రేకు తీసేది. అటువంటి రేకులు నలభై చేరితే ఒక గులాబీ. మట్టి జావతో వాటిని ఒకదాని మీద ఒకటి అతికించి, నిదానంగా ఆరనిచ్చి, బట్టీలో కాల్చాలి. ఆమెకు సొంత బట్టీ లేదు. ఊరి అవతలి కొసన ఒక కుమ్మరి తన బట్టీలో మూల అర ఇచ్చేవాడు. ఆ కొసకు ఆమె కాల్చని పూలను ఒళ్ళో పెట్టె పెట్టుకుని, దూదిలో పొదిగి, బస్సులో తీసుకువెళ్ళేది. గతుకు వచ్చినప్పుడల్లా సీటు మీద నుంచి కొద్దిగా లేచి గాలిలో నిలబడేది. పది గులాబీలు బయలుదేరితే ఆరు చేరేవి. డ్రైవరు ఆమెను చూస్తే వేగం తగ్గించేవాడు, కండక్టరు "పూలమ్మగారు ఎక్కారు, మెల్లగా," అని ముందుకు కేక వేసేవాడు. అయినా గతుకులు గతుకులే.

అటువంటి రోజుల్లో కబురు వచ్చింది. పురపాలక ప్రదర్శనశాల వారు ఒక కళాకారుడికి ఒక సంవత్సరం పాటు పనిగదిని ఇస్తారట, అందులో బట్టీ ఉంటుందట. ఎవరికి ఇవ్వాలో నిర్ణయించడానికి అక్కడి అధికారిణి స్వయంగా పింగాణీ సేకర్తల సంఘం సమావేశానికి వచ్చి, బల్ల మీదికి వచ్చిన చేతిపనులు చూస్తారట. ఆ సంఘం ప్రతి నెలా మొదటి ఆదివారం గ్రంథాలయం పై అంతస్తులో కూడేది. ఆ సంఘానికి పరీక్షకుడు ఎవరో వేరే చెప్పనక్కరలేదు.

పూలావిడ రెండు నెలలు కష్టపడి ఇరవై ఒక్క గులాబీల గుత్తి చేసింది. ఆదివారం ఉదయం బట్టీ నుంచి తెచ్చి కిటికీ దగ్గర పెట్టి చూసుకుంది. అన్నిటికంటె పెద్ద గులాబీ గొంతులో, రేకులు మొగ్గను కలిసే చోట, వెంట్రుకవాసి గీత కనిపించింది. తుడిచింది. పోలేదు. సమావేశానికి ఇక నాలుగు గంటలు ఉన్నాయి.

గుత్తిని పెట్టెలో పెట్టుకుని ఆమె తిన్నగా పెదనాన్నగారింటికి వెళ్ళింది. తలుపు తీసింది పెద్దమ్మ.

"పెద్దమ్మా, దీన్లో నిజంగా బీట ఉంది. పెదనాన్నకు ముందే చెప్పేస్తే, ఆవిడ ముందు గట్టిగా అనకుండా ఉంటారేమో."

"ఆయనా? మొన్న మీ బాబాయి కొత్త టీ సెట్టు కొని ముచ్చటపడి అందరికీ టీ ఇచ్చాడు. ఆరు కప్పులకీ ఆరు బీటలు చెప్పారు, వాడి మొహం మీదే. తర్వాత మేం వాటిల్లోనే తాగాం. చుక్క కారలేదు. లేనివాటికే అంత చెప్పే మనిషి, ఉన్నదానికి ఎంత చెబుతారో."

"నువ్వే ఒకమాట చెప్పవూ."

"నేను చెబితే వినేవారైతే ఆ పళ్ళెం సంగతి ఎప్పుడో ఆగిపోయేది కదే."

అంతలో ఆయనే గది నుంచి చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చారు. పూలావిడ పెట్టె మూత తీయబోయింది. ఆయన రెండు అరచేతులూ అడ్డుపెట్టారు.

"పరీక్ష బల్ల మీదే. ఇంట్లో చూపించినవీ, ఇంట్లో చెప్పినవీ చెల్లవు."

"అది కాదు పెదనాన్నా, ఈ గది నాకు చాలా అవసరం."

"అందరికీ ఏదో ఒకటి అవసరమే తల్లీ. పద, ఆలస్యమవుతుంది."

సంఘం గదిలో పొడవాటి బల్ల మీద ఆకుపచ్చ ఉన్ని గుడ్డ పరిచి ఉన్నది. ఒక కొసన రిజిస్టరు ముందర దర్జీ ఆవిడ కలంతో సిద్ధంగా కూర్చున్నది. సంఘం ఆచారం చాలా సరళమైనది: పెద్దాయన వస్తువును మీటుతారు, బీట ప్రకటిస్తారు, దర్జీ ఆవిడ వరుస సంఖ్య వేసి రాస్తుంది, యజమాని అందరికీ టీ పోస్తాడు. పదకొండేళ్ళలో ఏ ఒక్క వస్తువూ బీట లేకుండా బల్ల దిగలేదు. నగల వ్యాపారి ఒకాయన మూడు పెట్టెల్లో పెట్టి తెచ్చిన పూలకుండీకి, "లోపలి అడుగున, చెయ్యి పట్టని చోట," అని చెప్పారు. ఆ వ్యాపారి నెలరోజులు మంచం పట్టినంత పని చేసి, ఆ తరువాత, "మాది పదిహేడు వందల నాలుగో నంబరు," అని గర్వంగా చెప్పుకోవడం ప్రారంభించారు.

అధికారిణి కూడా చేతులు ఊపుకుంటూ రాలేదు. అందరికీ నమూనాగా ఉంటుందని ప్రదర్శనశాల నుంచి తెల్లని కూజా ఒకటి తెచ్చి బల్ల మీద నిలిపింది. వేలు లేచింది. టింగు.

"మూత అంచున," అన్నారు పెద్దాయన.

"ఇది మా ప్రయోగశాలలో పరీక్షించినదండీ," అన్నది ఆమె కొంచెం బిగుసుకుని.

"ప్రయోగశాలకు చెవులు ఉన్నాయా అండీ?"

"రెండు వేల ఆరు వందల పదకొండు," అంటూ దర్జీ ఆవిడ రాసేసింది. "టీ మీరే పోయాలమ్మా. ఆచారం."

అధికారిణి ఏం చేయాలో తోచక లేచి టీ పోసింది. నగల వ్యాపారి కప్పు అందుకుంటూ, "మొదటిసారి అందరికీ ఇలాగే ఉంటుందండి," అని ఓదార్చారు.

తరువాత గుత్తి వంతు వచ్చింది.

పూలావిడ గోడకు ఆనుకుని నిలబడింది. గులాబీలను గోటితో మీటితే రేకులు రాలిపోతాయని గదిలో అందరికీ తెలుసు. పెద్దాయన కాసేపు గుత్తి చుట్టూ తిరిగారు. గోరు మడిచారు. వేలి మెత్తని కొనతో గుత్తి అడుగున ఒక్కసారి తట్టారు. టింగుమనలేదు. టప్పుమన్నది. పదకొండేళ్ళుగా ఆయన పక్కన కూర్చుని వింటున్నవారికి ఆ తేడా అర్థమయింది. టీ తాగుతున్నవారు కప్పులు కిందికి దించారు. గది, బట్టీ, బస్సు గతుకులు లేని ఒక సంవత్సరం, అన్నీ ఆయన నోటి కొసన వేలాడుతున్నాయి.

"పెద్ద గులాబీ," అన్నారు ఆయన, కూజాకు చెప్పిన గొంతుతోనే. "గొంతులో. వెంట్రుకవాసి. తరువాతిది పెట్టండి."

"రెండు వేల ఆరు వందల పన్నెండు," అన్నది దర్జీ ఆవిడ. "టీ ఎవరు?"

"పూలావిడే కదండీ, పోయమ్మా, నాకు చక్కెర తక్కువ," అన్నారు నగల వ్యాపారి.

అంతే. ఎవరూ నోరు నొక్కుకోలేదు, ఎవరూ జాలిపడలేదు. పూలావిడ టీ పాత్ర ఎత్తుకుంటే చేతిలో బరువు తెలియలేదు. అధికారిణి మాత్రం గుత్తి మీదికి వంగి, కళ్ళద్దాలు సవరించుకుని చూసింది.

"ఇది కనపడుతోంది," అన్నది నెమ్మదిగా.

పూలావిడ పాత్రను దించి దగ్గరకు వచ్చింది.

"అవునండీ. పొద్దున్నే చూశాను."

"ఎందుకు వచ్చింది?"

"తొందరపడ్డానండీ. బస్సు వేళవుతోందని, అప్పటికే కొంత ఆరిన రేకుల్ని తడి మొగ్గకు అతికించాను. తడిది ఎక్కువ కుంచించుకుపోతుంది, ఆరినది తక్కువ. ఈ రెండిటికీ పడక మధ్యలో విడిపోయింది."

"మళ్ళీ చేస్తే ఏం చేస్తారు?"

"మొగ్గనీ రేకుల్నీ ఒకే తడిగుడ్డ కింద ఉంచుతాను. చేసిన చోటే కాల్చుకోగలిగితే తొందరే ఉండదు."

అధికారిణి తన కూజాను ఒకసారి, గుత్తిని ఒకసారి చూసింది.

"ఇక్కడ బీట లేనిది ఒక్కటీ లేదంటున్నారు మీ పరీక్షకుడు. ఆ కారణంగా ఎవరినీ తీసెయ్యడానికి వీల్లేదు. ఇంక నేను చూడవలసింది చేతుల్నే. తన బీట ఎక్కడ నుంచి వచ్చిందో ఇంత తెలిసిన మనిషికి బట్టీ ఇస్తే వృథా పోదు. గది తాళంచెవి రేపు వచ్చి తీసుకోండి."

పూలావిడ బల్ల అంచు పట్టుకుని కుర్చీలో కూర్చుండిపోయింది. రెండు నెలలుగా ఆమె సరిగా ఊపిరి పీల్చుకోలేదన్న సంగతి అప్పుడు, గుండెల నిండా పీల్చిన తరువాత తెలిసింది.

అందరూ వెళ్ళిపోయాక ఆమె, దర్జీ ఆవిడ కలిసి కప్పులు కడిగారు.

"పిన్నిగారూ, ఆ కూజాలో బీట ఉందంటారా?"

"లేదు."

"మరి నగల ఆయన కుండీలో?"

"అందులోనూ లేదు. ఆయనకు తప్ప అందరికీ తెలుసు." దర్జీ ఆవిడ ఒక పాత కప్పును జాగ్రత్తగా తుడిచి సంచిలో పెట్టుకుంది. "సంఘం పెట్టిన మొదటి ఆదివారం నేను మా అమ్మమ్మదైన ఈ కప్పు తెచ్చాను. మా ఇంట్లో ఉన్న పింగాణీ మొత్తం ఇదే. మీ పెదనాన్న మీటి, 'ఇది పోయింది, గుట్ట మీద వేయండి,' అన్నారు. ఫ్యాక్టరీ మాట, అలవాటుగా వచ్చేసింది."

"మీరేమన్నారు?"

"ఏమంటాను. కప్పు తీసుకుని వెళ్ళిపోయాను. మూడు నెలలు రాలేదు. ఒకరోజు ఆయన నా దుకాణానికి వచ్చారు. కుట్టించుకోవడానికి బట్ట కూడా తేలేదు. ఏం కావాలంటే, వేసుకున్న చొక్కాకి గుండీ ఊడిందన్నారు. చూస్తే అన్ని గుండీలూ ఉన్నాయి. ఉన్న గుండీనే మళ్ళీ కుట్టించుకుని, వచ్చే ఆదివారం రమ్మని చెప్పి వెళ్ళారు."

"మీరు వెళ్ళారా?"

"వెళ్ళాను. ఆ రోజు బల్ల మీద ఇరవై వస్తువులుంటే ఇరవైకీ బీట చెప్పారు. నాది ఆఖరున చెప్పారు. ఒక్కరూ నా వైపు చూడలేదు. ఎవరి దాన్ని వాళ్ళు తిప్పి తిప్పి చూసుకుంటున్నారు." ఆమె నవ్వింది. "రిజిస్టరు ఆ రోజే మొదలుపెట్టాం. సంతకం చేసి వెళ్ళు."

పూలావిడ తన వరుస సంఖ్య ఎదుట సంతకం చేసి, ఊరుకోలేక మొదటి పుట తిప్పింది. అక్కడ పెదనాన్నగారి గుండ్రని దస్తూరీలో ఇలా ఉన్నది:

"వరుస సంఖ్య: ఒకటి. వస్తువు: పరీక్షకుడు. దోషము: నోరు. స్థితి: మరమ్మతులో ఉన్నది."

వరండా చివర, చేతులు కడుక్కునే చోట నుంచి టింగుమని వినిపించింది. "కుళాయి కింద," అని తనలో తాను చెప్పుకుంటున్న గొంతు కూడా వినిపించింది.

"పెదనాన్నా, మీ టీ చల్లారిపోతోంది," అని పిలిచింది ఆమె.

ఆయన తడి చేతులు తుడుచుకుంటూ వచ్చి కప్పు కోసం చూపుడువేలు చాపారు.

"పిడి దగ్గర బీట ఉంది. తాగండి," అన్నది పూలావిడ.

ఆయన వేలు గాలిలోనే ఆగింది. "చూడకుండా ఎలా చెప్పావు?"

"వినపడింది," అన్నది ఆమె.