రెండు చుక్కల చున్నీ

పెద్దవ్వ పోయిందని సోమవారం పొద్దున చెన్నూరు దగ్గరి మా ఊరి నుంచి ఫోన్ వచ్చింది. కరీంనగర్‌లో బస్సెక్కి చేరేసరికి ఊరి పెద్దలు ఆమెకు దండలు వేస్తున్నారు. చూడగానే ఒళ్లు మండింది. తొమ్మిదేళ్లు ఆమెకు ఒక్క బట్ట కూడా ఉతకడానికి వేయనివ్వనిది వాళ్లే.

అంతకుముందు ఊరందరి బట్టలూ ఆమే ఉతికేది. ఊరు కులం పేరుతో పిలిచేది, నేను పెద్దవ్వ అనేదాన్ని. ఒకరివి ఒకరివాటిలో కలిసిపోకుండా బట్ట మూలన నల్లజీడిగింజ రసంతో చుక్కలు పెట్టేది. మా ఇంటికి రెండు. ఎన్ని ఉతుకులు ఉతికినా అవి పోవు.

నేను డిగ్రీ చదివేటప్పుడు మా ఊరివాడే ఒకడు నన్ను చెరిచాడు. సిగ్గుపడాల్సింది వాడు, అందుకే దాచకుండా రాస్తున్నాను. కన్నతల్లి, మా అవ్వే పరువుకు భయపడి నా బట్టలు మూటగట్టి, ఏమీ చెప్పకుండా పెద్దవ్వకు వేసింది. ఆమె ఎప్పటిలాగే తెల్లగా ఉతికి తెచ్చింది. తర్వాత నేను కేసు పెడితే, కోర్టులో వాడి వకీలు మొదట అడిగింది ఆ బట్టల గురించే. కేసు కొట్టేశారు.

సంగతి తెలిసిన రోజు పెద్దవ్వ మా గుమ్మంలో కూలబడింది. “నా చేతులతోనే కడిగేస్తినే బిడ్డా” అని ఏడ్చింది. ఆ ఏడుపులోనే లేచి మా అవ్వ మీద విరుచుకుపడింది. “వాడు కాలరెగరేసి తిరుగుతుండు, నువ్వు పిల్లను ఇంట్ల దాస్తున్నవా? మరక వానిది, పిల్లది గాదు!”

రెండేళ్లకు ఇంకో తల్లి అలాంటి మూటే తెచ్చింది. పెద్దవ్వ విప్పి చూసి, మళ్లీ కట్టి చంకన పెట్టుకుంది. ఆ తల్లి కూతుర్ని వెంటబెట్టుకుని నేరుగా పోలీస్ స్టేషన్‌కు నడిచింది. పెద్దలు పంచాయితీ పెట్టి, కేసు వాపసు తీసుకుంటే పిల్లను ఆమెను చెరిచినవాడికే ఇచ్చి చేద్దామన్నారు. “మీ బిడ్డనైతే ఇస్తరా?” అని అడిగింది పెద్దవ్వ. మరునాడే ఆమెకు బట్టలు వేయొద్దని చాటింపు వేయించారు. చెన్నూరులో ఇస్త్రీ చేసుకుని బతికింది.

ఈ బట్టలు ఆ అమ్మాయివేనని రుజువేమిటని కోర్టులో వాడి వకీలు గద్దించాడట. ఆ జవాబును నేను ఆమెతో ఎన్నిసార్లో చెప్పించుకున్నాను. “మూలకు నాలుగు చుక్కలున్నయి సూడుండ్రి సారూ. గవి నేను పెట్టినయే. ఊర్లె ఏ బట్ట ఎవలదో నిద్రల లేపినా చెప్త.” వాడికి శిక్ష పడింది.

అప్పుడు పంచాయితీ నడిపినాయనే మొన్న శవం దగ్గర నిలబడి, “మస్తు మంచి మనిషి” అన్నాడు.

“గా మంచి మనిషి నోటికాడి బువ్వ గుంజింది ఎవలు పటేలా?” అని అందరి ముందూ అడిగాను. ఆయన వేసిన దండ తీసి అవతల పడేశాను.

ఇంటికి వచ్చి ట్రంకు పెట్టెలోంచి ఆనాటి చున్నీ తీశాను. ఇన్నేళ్లూ పారేయనూ లేదు, విప్పి చూడనూ లేదు. కోర్టుకు కావలసినవన్నీ ఆమె చేతుల్లోనే పోయాయి. మూలన రెండు చుక్కలు మాత్రం నల్లగా, నిన్ననే పెట్టినట్టు ఉన్నాయి.