ఆల్ప్స్‌కి గేరు బండి

ఆ రోజుల్లో నా మీద నాకున్న నమ్మకం తలుచుకుంటే ఇప్పుడు కొంచెం భయమేస్తుంది. ఇరవై ఏడేళ్లు, న్యూజెర్సీ ప్లెయిన్స్‌బరోలో చిన్న అపార్ట్‌మెంట్, ఒక మందుల కంపెనీలో ప్రాజెక్ట్ ప్లానింగ్ ఉద్యోగం, పెళ్లై ఎనిమిది నెలలు. ఎవరికి ఏ చిక్కొచ్చినా "ఒక షీట్ వేద్దాం" అనేవాణ్ణి. పనికి ఒక గడి దొరికిందంటే సగం పని అయినట్టే, ఆ గడికి ఆకుపచ్చ రంగు పడిందంటే ఇక దాన్ని ఆపడం ఎవరి తరమూ కాదని నా సిద్ధాంతం. కూరగాయలకి ఒక షీట్, బట్టలు ఉతకడానికి ఒక షీట్, మా ఆవిడ పుట్టినరోజుకి ఏం కొంటే కోపం రాదో దానికొక షీట్ (అది ఆవిడ కంటపడిన రోజు సంగతి ఇక్కడ వద్దు). అలాంటివాడి చేతికి యూరప్ దొరికింది.

దొరికిన వైనం చెప్తాను. మా మామగారు ఎముకల డాక్టరు. తెనాలి నుంచి డెబ్భైల మొదట్లో అమెరికా వచ్చి, బఫెలో మంచులో రెసిడెన్సీ చేసి, న్యూజెర్సీలో ముప్పై అయిదేళ్లు జనం కాళ్లూ చేతులూ అతికించి, అప్పటికి ఏడాది క్రితమే రిటైరయ్యారు. ఆయనకీ అత్తయ్యగారికీ పెళ్లై నలభై ఏళ్లు నిండబోతున్నాయి. ఒక్కగానొక్క కూతురైన మా ఆవిడ, "డాడీకి స్నో ఇష్టం. ఎక్కడికైనా తీస్కెళ్దాం, సమ్‌వేర్ నైస్," అంది. ఇంకొకడైతే రెండు గంటల దూరంలో ఉన్న కొండ మీదికి తీసుకెళ్లి, వేడి వేడి కాఫీ తాగించి తీసుకొచ్చేవాడు. నేను ఆల్ప్స్ అన్నాను. అదీ విమానం దిగి రైలెక్కడం కాదు. ఆమ్‌స్టర్‌డామ్‌లో దిగి, కారు అద్దెకి తీసుకుని, జర్మనీ పొడుగునా నాలుగు రోజులు నడుపుకుంటూ ఆస్ట్రియాలో ఇన్స్‌బ్రుక్ పైనున్న స్కీ రిసార్టు దాకా వెళ్లడం. నాకు స్కీయింగ్ రాదు. ఆ మాటకొస్తే మంచు మీద నడవడమే అంతంత మాత్రం. కానీ అది ప్లాన్‌కి అడ్డమని నాకు తోచలేదు.

ఆ షీట్‌లో పద్నాలుగు పేజీలు. ఏ ఊళ్లో ఎన్నింటికి కాఫీ, ఏ పూట పులిహోర, ఏ పూట పెరుగన్నం, ఎవరి ఒంటి మీద ఎన్ని పొరల బట్టలు, మంచు కురిస్తే ఏం చేయాలి, కురవకపోతే ఏం చేయాలి, అత్తయ్యగారికి కడుపులో తిప్పితే ఏ మలుపు దగ్గర ఆపాలి, అన్నీ రాశాను. మా నలుగురిలో వీసా కావలసినవాణ్ణి నేనొక్కణ్ణే. కౌంటర్‌లో కూర్చున్నావిడ నేనిచ్చిన కట్టలోంచి రెండు కాగితాలు తీసుకుని, మిగతా దొంతరని నవ్వుతూ వెనక్కి తోసింది. ఆ నవ్వు మెచ్చుకోలనుకుని ఇంటికొచ్చాను.

డ్రైవర్ల పేజీలో మాత్రం ఒక్కటే పేరు. నాది. మా ఆవిడ హైవే ఎక్కదు, వాళ్ల నాన్నని ఎక్కనివ్వదు. అంతకు రెండేళ్ల ముందు మామయ్యగారు గరాజ్‌లోంచి కారు వెనక్కి తీస్తూ గుంజకి గీకించారు. గుంజకీ కారుకీ తగిలిన దెబ్బ బొటనవేలంత. కూతురు జారీ చేసిన తీర్పు మాత్రం యావజ్జీవం. చర్చి, కిరాణా కొట్టు, ఈ రెండూ తప్ప ఆయన కారు ఇంకెక్కడికీ కదలకూడదు. బఫెలో మంచు తుఫానుల్లో అర్ధరాత్రి ఆపరేషన్లకి నడుపుకుంటూ వెళ్లిన మనిషి ఆ తీర్పుని నోరెత్తకుండా ఒప్పుకున్నారు. నేనూ నా వంతుగా షీట్‌లో, "మామయ్యగారు: వెనక సీటు, కుడి పక్క, విశ్రాంతి" అని రాసి ఆకుపచ్చ రంగు వేశాను. పెద్దవాళ్లని సుఖపెట్టడమంటే అదేననుకున్నాను.

డిసెంబర్‌లో ఒక ఆదివారం చర్చి అయ్యాక వాళ్లింట్లో భోజనాల దగ్గర, ప్రార్థన ముగిసీ ముగియగానే తలా ఒక ప్రతి పంచాను. అత్తయ్యగారు, "మా బాబు ఎంత కష్టపడ్డాడో," అని మురిసిపోయి, ఆ కాగితం మీదే వేడి గిన్నె పెట్టారు. మామయ్యగారు కళ్లద్దాలు సర్దుకుని, రోగి చార్టు చదివినట్టు ప్రతి వరస కింద పెన్ను ఆనిస్తూ చదివారు. తొమ్మిదో పేజీ దగ్గర పెన్ను ఆగింది.

"అబ్బాయ్, ఈ కారు గేరు బండి కదూ?"

"అవునండీ. అక్కడ చాలావరకు అవేనట."

"నీకు వచ్చా?"

రాదు అనడానికి ఒక్క క్షణం చాలు. ఆ క్షణంలో అత్తయ్యగారు నావైపు ఎంతో గర్వంగా చూశారు. "ఆ, వచ్చండీ. ఇండియాలో నడిపేవాణ్ణిగా," అనేశాను.

అబద్ధమూ కాదు. మా నాన్న స్కూటరుకి నాలుగు గేర్లుండేవి, నేను నాలుగూ వేసేవాణ్ణి. కాకపోతే ఎడమ చేత్తో. కారు స్టీరింగ్ నేను మొదటిసారి పట్టుకున్నది అమెరికా వచ్చాకే, అదీ రెండే పెడళ్లున్న కారుది. మూడో పెడల్ ఒకటుంటుందని తెలుసు, దాంతో నాకెప్పుడూ పరిచయం కాలేదంతే. మామయ్యగారు, "మరింకేం," అని కాగితాలు నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నారు.

ఆ సాయంత్రమే కారు మార్చడానికి కూర్చున్నాను. ఆ వారానికి ఆమ్‌స్టర్‌డామ్‌లో నలుగురూ వాళ్ల సామానూ పట్టే ఆటోమాటిక్ ఒక్కటీ లేదు. ఫోన్ చేసి, "మామయ్యగారూ, కోతలు కోశాను, క్షమించండి," అంటే సరిపోయేది. కానీ అప్పటికే అత్తయ్యగారు చర్చిలో ఆంటీలందరికీ, "మా అల్లుడొక్కడే నలుగురినీ ఆల్ప్స్ దాకా నడిపిస్తున్నాడు," అని చెప్పేశారు. కొత్త అల్లుడి పరువంటే మాటలా? నేర్చుకుంటే పోయె, అనుకుని షీట్‌లో రహస్యంగా పదిహేనో పేజీ తెరిచాను.

మా కింది ఫ్లాట్‌లో వరంగల్ నుంచి వచ్చిన ఒకాయనకి ముసలి గేరు కారుండేది. అది గాలన్‌కి ఎన్ని మైళ్లిస్తుందో అడగకుండానే చెప్పేవాడు గనక ఆయన్ని అందరం మైలేజ్ అన్న అనేవాళ్లం. "గిది పెద్ద బ్రహ్మవిద్య గాదు తమ్మీ. ఎడమ కాలు మెల్లగ లేపు, కుడి కాలు మెల్లగ తొక్కు. గంతే," అన్నాడు. ఎక్కడ నేర్చుకోవాలన్నది నేను నిర్ణయించాను. మా మామగారి చర్చి పార్కింగ్ లాట్. విశాలమైనది, పక్కన చిన్న ఏటవాలు కూడా ఉంది, పైగా శనివారం పొద్దున్న ఈగ కూడా ఉండదు. ఆదివారం మనుషులు రావాలంటే శనివారం ఎవరో ఒకరు మెట్ల మీద మంచు తీసి, ఉప్పు చల్లి, హీటర్ వేసి చూసుకోవాలని, ఆ పని చేసే సంఘ పెద్ద మా మామగారేనని నా పదిహేను పేజీల్లో ఎక్కడా లేదు.

జనవరి మొదటి శనివారం. కారు ఆరుసార్లు కదిలింది, ఆరుసార్లు ఆగిపోయింది. మైలేజ్ అన్న మొదట ధైర్యం చెప్పాడు, తర్వాత డాష్‌బోర్డు పట్టుకున్నాడు, చివరికి కళ్లు మూసుకున్నాడు. ఏడోసారి కారు కప్పలా రెండు గెంతులు గెంతి, పక్క తలుపులోంచి ఉప్పు బకెట్‌తో బయటికొస్తున్న మామయ్యగారి ముందు సరిగ్గా ప్రాణం విడిచింది. ఆయన బకెట్ కింద పెట్టి కిటికీ దగ్గరికొచ్చారు. నేను అద్దం దించాను.

"ఇండియాలో నడిపేవాడివన్నావ్?"

"అది... స్కూటరండీ."

ఆయన నవ్వలేదు. ఇంకొక ప్రశ్న అడిగారు. "స్కూటరుకి రివర్సు ఉండదు కదా. వెనక్కెలా తీసేవాడివి?"

"దిగి తోసేవాణ్ణండీ."

మైలేజ్ అన్న ఇక ఆగలేక పగలబడి నవ్వాడు. ఆపైన ముక్కు ఎగబీల్చి, "అంకుల్, క్లచ్ మాడిన వాసనొస్తున్నది. జర మీరే నేర్పియ్యుండ్రి, నా బండికి పుణ్యముంటది," అని దణ్ణం పెట్టాడు.

"దిగు," అన్నారు మామయ్యగారు నాతో. నేను దిగి వెనక సీట్లోకి మారాను. ఆయన చేతి తొడుగులు తీసి పక్కన పెట్టి, గేరు కర్రని రెండుసార్లు అటూ ఇటూ కదిపి చూసి, బండి తీశారు. కదిలినట్టే తెలియలేదు. "క్లచ్చి మీద కాలు అలా పెట్టి ఉంచకు, అదేం పీట కాదు. కంగారు పడకు, నీ కంగారు బండికి తెలుస్తుంది," అంటూ ఒక చుట్టు తిప్పారు. రెండో చుట్టులో పాఠం ఆగిపోయింది. మూడో చుట్టు నుంచి ఆయన మా సంగతే మర్చిపోయారు. ఏటవాలు ఎక్కించారు, దించారు, మళ్లీ ఎక్కించారు. తుఫాను రాత్రి ఆసుపత్రికి ఎలా చేరారో బండికే చెప్పుకుంటున్నట్టు ఏదో గొణుక్కుంటూ, ఎనిమిదో చుట్టు దాకా వెళ్లారు. మైలేజ్ అన్న నావైపు తిరిగి, "తమ్మీ, నీ మామ నా బండి నాకిస్తడా, ఇయ్యడా?" అని గుసగుసగా అడిగాడు.

అలా నాలుగు శనివారాలు. ఏడింటికల్లా ఉండాలనేది ఆయన షరతు, ఇంట్లో తెలియకూడదనేది నాది. మా ఆవిడకి మైలేజ్ అన్నతో బ్యాడ్మింటన్ ఆడుతున్నానని చెప్పాను ("అన్ని గంటలు ఆడినా వెయిట్ తగ్గడం లేదు నువ్వు," అనేది పాపం). నేర్చుకున్నాను. ఏదో నా గొప్ప అని కాదు గానీ నాలుగో శనివారం నాటికి ఏటవాలు మీద ఆపి, ఒక్క అంగుళం వెనక్కి జారకుండా ముందుకి తీశాను. మామయ్యగారు నా భుజం తట్టి, "ఇక నీకు ఢోకా లేదు. నడిపేస్తావ్," అన్నారు. మెచ్చుకోలే గానీ గొంతులో హుషారు లేదు. తాళంచెవి మైలేజ్ అన్నకిచ్చేసి, వెళ్లిపోతున్న ఆ ముసలి కారుని రోడ్డు మలుపు దాటేదాకా చూస్తూ నిలబడ్డారు. ఆకలేసి, చలిపుట్టి ఆయన అలా ఉన్నారేమో అనుకున్నాను.

ఫిబ్రవరిలో ఆమ్‌స్టర్‌డామ్‌లో దిగాం. కార్ల కౌంటర్‌లోని కుర్రాడు మా కాగితం చూసి, అప్పుడే ఒక పెద్ద ఆటోమాటిక్ వెనక్కొచ్చిందని, అమెరికా నుంచి వచ్చాం గనక కావాలంటే అదే తీసుకోవచ్చని చెప్పాడు. "యెస్! తీసుకో తీసుకో," అని మా ఆవిడ చప్పట్లు కొట్టింది. నేను మామయ్యగారి వైపు చూశాను. ఆయన గోడమీద ఏదో పోస్టర్‌ని చాలా శ్రద్ధగా చదువుతున్నారు. అది డచ్ భాషలో ఉంది. ఆయనకి డచ్ రాదు. రాని భాషని అంతసేపు చదివే మనిషి ముఖం చూశాక గానీ, నాలుగు శనివారాలు నా కళ్లెదుట తిరిగిన సంగతి నా బుర్రకెక్కలేదు.

"వద్దు, గేరు బండే చాలు," అన్నాను. "కానీ నేను నడపలేను. ఫ్లైట్‌లో కూర్చుని కూర్చుని మోకాలు పట్టేసింది."

"లెఫ్ట్ ఆ? అయితే ఆటోమాటిక్ బెటర్ కదా? లెఫ్ట్ లెగ్ అక్కర్లేదు," అంది మా ఆవిడ. పద్నాలుగు పేజీలు రాసినవాడికి ఆ ముక్క తట్టలేదు. చెయ్యి కుడి మోకాలి మీదికి జరిపి, "రెండూ," అన్నాను.

అత్తయ్యగారు, "అయ్యో ప్రభువా," అంటూ బామ్ కోసం సంచీలన్నీ వెతకడం మొదలుపెట్టారు. మామయ్యగారు పోస్టర్ వదిలి వచ్చి, నా ముందు వంగి, బొటనవేళ్లు మోకాలి దగ్గరికి తెచ్చారు. "ఇక్కడా?" అన్నారు. "అబ్బా!" అన్నాను, ఆయన వేలు ఇంకా ఆనకముందే. ఆయన తలెత్తి నా కళ్లలోకి చూశారు. ముప్పై అయిదేళ్లు ఎముకలు చూసిన మనిషి. తర్వాత కూతురి వైపు తిరిగి, "వాపుంది. నాలుగు రోజులు స్టీరింగ్ ముట్టుకోకూడదు," అన్నారు.

"మరి హూ విల్ డ్రైవ్?" అంది మా ఆవిడ. కౌంటర్ కుర్రాడు, డ్రైవ్ చేసేవాళ్ల ఇంటర్నేషనల్ పర్మిట్ కావాలన్నాడు. మామయ్యగారు కోటు లోపలి జేబులోంచి ఒక చిన్న పుస్తకం తీసి బల్ల మీద పెట్టారు. అందులో ఆయన ఫొటో, కొత్తది, టై కట్టుకుని మరీ దిగింది. మా ఆవిడ నోరు తెరిచింది. "ఎందుకైనా మంచిదని," అన్నారాయన నెమ్మదిగా. నేను వంగి తేదీ చూశాను. భోజనాల బల్ల దగ్గర నేను కోతలు కోసిన ఆదివారానికి మర్నాడు తీసుకున్నది.

నాలుగు రోజులూ ఆయనే నడిపారు, చర్చి పాటలు పాడుకుంటూ, ఒక్క గీత పడకుండా. మా ఆవిడ మొదటి రోజు తలుపు పిడి వదల్లేదు, రెండో రోజు నిద్రపోయింది. నేను వెనక సీట్లో, కుడి పక్క, రెండు మోకాళ్లకీ బామ్ పూయించుకుని కుంటుతూ ఆల్ప్స్ చేరాను. డాక్టరుగారి మాట దాటకూడదు గనక స్కీల జోలికీ పోలేదు. ఇప్పుడు శాన్ రామన్‌లో నలభై దాటి కూర్చుని ఆ ఇరవై ఏడేళ్లవాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. అన్ని పేజీలు రాశాడు గానీ, "మామయ్యగారూ, మీకు నడపాలనుందా?" అని ఒక్కమాట అడగలేదు పిచ్చివాడు. అయినా ఆ కౌంటర్ దగ్గర టక్కున మోకాలు పట్టుకున్నాడు చూశారూ, అందుకు వాణ్ణి క్షమించేస్తుంటాను.