మస్టర్ తప్పిన రీఫండు

ఇది ఒక మహాసంగ్రామ గాథ. ఇందులో కోల్పోయిన ఖజానా ఉంది, దాన్ని గెలిచి తేవాల్సిన వీరుడున్నాడు, శపథం చేసిన వీరపత్ని ఉంది. అంటే, మా బాపు డిపాజిట్ వడ్డీలోంచి బ్యాంకు పట్టుకున్న పన్ను, దాన్ని అడగడానికి జంకిన బాపు, వాషింగ్ మెషిన్ కావాలన్న అమ్మ. సంగ్రామం ఎక్కడా జరగలేదు. ఒకసారి ఖమ్మం వెళ్లొచ్చాం, అంతే.

బాపు బొగ్గుబాయిలో, అంటే గనిలో, పనిచేసి రిటైరయ్యాడు. వచ్చిన డబ్బు బ్యాంకులో వేస్తే ఏటా వడ్డీలో కొంత పన్ను కింద కోస్తున్నారు. నిజానికి బాపు ఆదాయానికి కట్టాల్సిన పన్నే లేదు. రిటర్న్ వేస్తే కోసింది తిరిగొస్తుంది. మొదటి ఏడాది ఆయన ఇంటర్నెట్ సెంటర్‌కు వెళ్లేసరికి గడువు దాటిపోయింది. ఇంటికొచ్చి టీ అడిగాడు.

బాయిలో మస్టర్ అంటే హాజరు. అది మూసేశాక గేటు దగ్గరికి పోతే ఆ పూట పనీ లేదు, కూలీ లేదు. బతిమాలడం దండగ. నాగాలు ఎక్కువైతే చార్జిషీటు. బాపు దృష్టిలో పన్నుల శాఖ కూడా ఒక బాయే. రెండో ఏడు వెళ్తే మొదటి ఏటి నాగా సంగతి అడుగుతారు. మూడో ఏడు వెళ్తే చార్జిషీటు చేతిలో పెడతారు. అందుకని ఆ వైపే పోలేదు.

ఇలా ఉండగా, బాపుతోపాటే రిటైరైన పక్కింటాయన తన రీఫండుకు ఇంకొంత కలిపి వాషింగ్ మెషిన్ కొన్నాడు. అది తిరిగే చప్పుడు గోడ దాటి మా వంటింట్లోకి వచ్చింది.

"నువ్వు డ్యూటీ చేసినన్నొద్దులు బొగ్గు బట్టలు బండకేసి బాదిన. నడుము పోయింది. మన పైసలు మనం అడగనీకి నీకేం రోగమయ్యా?" అంది అమ్మ.

"పర్ణశాలల సీతమ్మ గూడ చేతుల్తోనే ఉతుక్కున్నది. చీర ఆరేసిన గుర్తులు ఇంకా రాళ్ల మీదున్నయి."

"ఆ రాముడు బాయిల దిగలే. ఆయనవి నారబట్టలాయె, జాడిస్తే పోతయి."

నేను అమ్మ పక్షం చేరాను. ఆమె నడుము పట్టేస్తే ఉతికే వంతు నాదే మరి.

ఏన్కూరు మీదుగా పోయే బస్సులో బాపును ఖమ్మంలో ఒక ఆడిటర్ దగ్గరికి తీసుకెళ్లాను. దారంతా ఆయన ఎంక్వైరీకి పిలిచిన మనిషిలా కూర్చున్నాడు.

"ఈ ఏటిది గడువు దాటినా డిసెంబరు ఆఖరుదాకా వెయ్యొచ్చు పెద్దాయనా. లేటు ఫీజు పడ్తది, రీఫండు వస్తది," అంది ఆడిటరమ్మ. "పాత ఏండ్లకు మాత్రం ఆలస్యం మన్నించమని పై ఆఫీసర్‌కు దరఖాస్తు పెట్టాలె. కారణం రాయాలె. ఎందుకు వెయ్యలేదు?"

బాపు లేచి నిలబడ్డాడు. "మస్టర్ అయిపోయిందనుకున్న మేడమ్. చార్జిషీటు గిట్ల ఇస్తరా?"

"మీకెందుకిస్తరు? వాళ్లే మీకు పైసలియ్యాలె."

సర్వీసు మొత్తంలో ఆయనతో ఇలాంటి మాట ఎవరూ అన్నట్టు లేదు. కూర్చోవడం మర్చిపోయాడు.

"కారణం దగ్గర మా అమ్మ నడుము అని రాయండి మేడమ్," అన్నాను.

"నువ్వు జర నోరు మూస్కోరా," అన్నాడు బాపు.

ఆమె 'నిబంధనలు తెలియక' అని రాసింది. ఇంటికొచ్చాక బాపు గోడవతల వినపడేలా, "సర్కారే మనకు బాకీ అంట!" అని అమ్మకు చెప్పాడు. ఆమె పక్కనే ఉంది. అరవాల్సిన పని లేదు.

ఈ ఏటి రీఫండు లేటు ఫీజు పోగా వచ్చింది. దాంతో మెషిన్ రాలేదు, మెషిన్ కింద వేసే స్టాండు వచ్చింది. అమ్మ దాన్ని నల్లా పక్కన వేయించి, ప్రస్తుతానికి మీద టబ్బు పెట్టి ఉతుకుతోంది.

"ఎత్తు మంచిగుంది. వంగే పని లేదు," అంటుంది.

మెషిన్ రావాలంటే పాత ఏళ్లవి రావాలి. ఆ దరఖాస్తు ఇంకా పరిశీలనలో ఉంది. మంజూరైనా, అలా ఆలస్యంగా అడిగిన రీఫండు మీద వడ్డీ ఇవ్వరు.